బుడ్డోడి మెడ పట్టేసి, తల ఒకపక్క అణిగిపోతే

నేను కడపలో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఎవరైనా గుమ్మంలో నిలబడితే చాలు, ఏ భుజం ఎత్తు, ఏ భుజం పల్లం అని కన్ను దానంతటదే కొలిచేస్తుంది. అట్లాంటిదాన్ని, నా సొంత బిడ్డ తల ఒకపక్కకి వాలిందని నలభై రోజుల దాకా కనిపెట్టలేకపోయాను. పట్టించింది ఫోను. కాన్పుకి ప్రొద్దుటూరులో మా అమ్మగారింట్లో ఉన్నప్పుడు తీసిన ఫొటోలన్నీ ఒక మధ్యాహ్నం వరసగా జరుపుతూ చూస్తున్నా. అన్నింట్లోనూ వాడు ఎడమపక్కకే చూస్తున్నాడు. మా తమ్ముడి ఒళ్లో ఎడమకే. ఉయ్యాలలో ఎడమకే. నిద్రలో కూడా ఎడమకే.

"ఏం మే, పిల్లోడన్నాక ఏదో ఒక పక్కకి చూస్తాడు. దానికీ టెన్షనేనా" అంది అమ్మ. స్నానం చేయించాక తడి తలను పైనుంచి చూపించాను. వెనక ఎడమపక్క చేత్తో అదిమినట్టు చదునుగా ఉంది. అప్పుడు ఆమె కూడా మాట్లాడలేదు.

వాడికి ఇప్పుడు ఏడాదిన్నర. మెడ బాగుంది, తల చాలావరకు గుండ్రబడింది. నేను డాక్టరును కాను. ఇక్కడ రాసేవి మా పిల్లల డాక్టరమ్మ, ఫిజియోథెరపిస్టు నేర్పినవి, ఇంట్లో చేస్తూ చేస్తూ నాకు కుదిరినవి. మీ బిడ్డను చూపించకుండా మాత్రం మెడ మీద చెయ్యి వేయొద్దు.

ముందు మెడ, తర్వాతే తల

అద్దం ముందు నిలబడి మీ తలను బాగా ఎడమకు తిప్పండి. కుడిపక్క, చెవి వెనక ఎముక దగ్గర మొదలై ఏటవాలుగా గొంతు గుంట దాకా తాడులాగా ఒక కండరం లేస్తుంది. దాని అసలు పేరు స్టెర్నోక్లీడోమాస్టాయిడ్. మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగక 'తాడు' అనేసుకున్నాం. మా వాడికి కుడిపక్క తాడు పొట్టిగా, బిగుసుకుని ఉంది. అది పొట్టిగా ఉంటే తల కుడి భుజం మీదికి వాలుతుంది, గడ్డం మాత్రం ఎడమకు తిరుగుతుంది. ఇక్కడే అందరూ తికమకపడతారు. వాలేది కుడికి, చూసేది ఎడమకు, పడుకున్నప్పుడు బరువు పడి అణిగేది తల వెనక ఎడమపక్క. దీన్ని టార్టికాలిస్ అంటారు, తల అణగడాన్ని ప్లేజియోసెఫలీ అంటారు. డాక్టరు చీటీలో ఈ రెండు మాటలు కనిపిస్తే కంగారు పడకండి.

తల సొట్ట కనిపిస్తుంది కాబట్టి అందరి కళ్లూ తల మీదే. మెడను ఎవరూ చూడరు. జాకెట్టులో ఒకపక్క కుట్టు బిగిసిపోయి గుడ్డ ముడతలు పడితే, పైన ఎంత ఇస్త్రీ చేసినా ఆ ముడత మళ్లీ వస్తుంది. కుట్టు విప్పాలి. మెడ తిరగనంతకాలం తలను ఎన్నిసార్లు సర్దినా బిడ్డ మళ్లీ అదే పక్కకి వాలుస్తాడు.

ఇది ఎందుకొస్తుందంటే, ఎక్కువగా కడుపులో బిడ్డ ఇరుకుగా ఒకే తీరున ఉండిపోవడం వల్ల. తొలిచూలు బిడ్డల్లో, ఎదురుకాళ్ల బిడ్డల్లో, కష్టమైన కాన్పుల్లో ఎక్కువ. మావాడు ఎదురుకాళ్లవాడు, ఆపరేషన్ చేసి తీశారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నడుము మీద తొక్కితే పట్టు వదులుతుందని మా వీధిలో ఇద్దరు అవ్వలు అప్పుడే నడుములు చూపించి వరసలో ఉన్నారు. వాడి మెడ పట్టే ఇంకా వదల్లేదు తల్లీ, ఆగండి అన్నాను.

ఎట్లా కనిపెట్టాలి

ఫొటోల సంగతి చెప్పాను. ఒక వారం ఫొటోలు చూడండి చాలు. ఇంకా కొన్ని గుర్తులున్నాయి. మా వాడు కుడి రొమ్ము దగ్గర హాయిగా తాగేవాడు, ఎడమ రొమ్ముకి మార్చగానే గింజుకుని వదిలేసేవాడు. పాలు తక్కువేమో అనుకున్నా. అసలు సంగతేంటంటే, ఎడమ చేతిలో పడుకోబెట్టుకుంటే వాడు నావైపు చూడాలంటే తల కుడికి తిప్పాలి, ఆ తిప్పడం వాడికి రాదు. మెడ కుడి మడతలో చెమట నిలిచి ఎర్రగా ఒరుసుకుపోయింది, ఎడమ మడత శుభ్రంగా ఉంది. తల వెనక ఎడమపక్క వెంట్రుకలు రుద్దుకుపోయి నున్నగా అయింది.

కొందరికి మెడ తాడు మీద చింతపిక్కంత గట్టి ఉండ తగులుతుంది. పుట్టిన రెండు మూడు వారాలకు కనిపించి, నెలలు గడిచేకొద్దీ చాలామందిలో కరిగిపోతుంది. మావాడికి చిన్నగా ఉండేది, అయిదో నెలకి దొరకలేదు. ఉండ ఉంటే నలపొద్దు, నూనె పెట్టి రుద్దొద్దు, చూపించండి.

తల సంగతికి పైనుంచి చూడాలి. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల తడిపి, ముక్కు ముందుకు ఉండేట్టు పట్టుకుని మీరు పైనుంచి వంగి చూడండి. చదరపు గుడ్డను ఓరగా పట్టి లాగితే పక్కకి జరిగిపోతుంది కదా, అట్లా ఉంటుంది. అణిగిన పక్క చెవి కొంచెం ముందుకి జరుగుతుంది, అదే పక్క నుదురు కొంచెం ముందుకి పొడుచుకొస్తుంది. ఒత్తిడి వల్ల వచ్చిన సొట్ట ఇట్లా ఉంటుంది. అణిగిన పక్క చెవి వెనక్కి లాగినట్టు ఉన్నా, పుర్రె మీద గట్టి గట్టులాంటి గీత చేతికి తగిలినా అది వేరే సంగతి. పుర్రె ఎముకల అతుకు ముందుగానే మూసుకుపోవడం కావచ్చు. దానికి ఇంటి చిట్కాలు పనికిరావు, ఆలస్యం చేయకుండా పెద్ద డాక్టరుకు చూపించాలి.

చూపించడం

మేము మొదట తీసుకెళ్లిన చోట అరనిమిషంలో "పెరిగేకొద్దీ అదే పోతుంది" అని పంపించేశారు. ఆ మాటకి నేను సంతోషపడి ఇంటికొచ్చేశాను కూడా. తప్పు నాది కూడా ఉంది, మెడ తిప్పి చూడండి సార్ అని అడగాల్సింది. ఆరు వారాల టీకాకి వెళ్లినప్పుడు మరో డాక్టరమ్మ బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, గిలక్కాయ ఒకటి ఎడమ నుంచి కుడికి తిప్పింది. వాడి కళ్లు కుడికి వెళ్లాయి, తల మధ్యలో ఆగిపోయింది. అంతే, తేలిపోయింది. టీకాలు ఎట్లాగూ ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయిస్తాం. ఆ మూడుసార్లూ ఈ ఒక్క పరీక్ష చేయమని అడగండి. కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 42వ రోజు దాకా వస్తూనే ఉంటుంది, ఆమెకీ చెప్పండి.

టీకా రోజే ఆ డాక్టరమ్మ వాడి కాళ్లు మడిచి, తొడలు విప్పి తుంటి కీళ్లు చూసింది. మెడ గురించి వస్తే తుంటి ఎందుకని నాకు అర్థం కాలేదు. మెడ పట్టేసిన పిల్లల్లో కొందరికి తుంటి కీలు కూడా సరిగ్గా కుదరదట. ఎదురుకాళ్ల పిల్లల్లో ఆ భయం ఇంకొంచెం ఎక్కువ. అందుకని స్కానింగ్ చేయించింది, బాగానే ఉంది. మీ డాక్టరు తుంటి చూడకపోతే మీరే గుర్తుచేయండి. మెడ వాలడానికి కొన్నిసార్లు కన్ను కారణం, కొన్నిసార్లు మెడ ఎముక కారణం. అవి కావని తేలాకే ఫిజియో మొదలు.

డబ్బుల భయం ఉన్నవాళ్లకి ఒక సంగతి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని ఉచితంగా చూస్తారు, పుట్టుకతో వచ్చే తుంటి సమస్య ఆ జాబితాలోనే ఉంది. దానికోసం జిల్లా స్థాయిలో పెట్టిన కేంద్రాల్ని డీఈఐసీ అంటారు. సర్కారు ఆసుపత్రిలో ఆ పేరు చెప్పి అడగండి. ఆశాకో, అంగన్‌వాడీ టీచరుకో చెప్పినా దారి చూపిస్తారు.

ఫిజియో ఎంత తొందరగా మొదలుపెడితే అంత తక్కువ రోజుల్లో అయిపోతుంది. నెల లోపే మొదలుపెడితే వారాల్లో పట్టు వదులుతుంది. ఆరు నెలలు దాటాక మొదలుపెడితే నెలలు పడుతుంది, పైగా అప్పటికి బిడ్డకి బలమొచ్చి చెయ్యి తోసేస్తాడు. 'చూద్దాంలే' అని ఒక్క నెల కూడా వదలొద్దనేది ఇందుకే.

సాగదీయడం

ఇది ఫిజియో చేస్తుంటే చూసి, తర్వాత వాళ్ల ముందే మీరు చేసి చూపించి, సరే అన్నాకే ఇంట్లో మొదలుపెట్టండి. నేను కుడి తాడు బిగిసిన బిడ్డకి చెప్తున్నాను. మీ బిడ్డకి ఎడమ తాడు అయితే అన్నీ తారుమారు. చీటీ మీద పెద్దక్షరాలతో 'చూడాల్సింది కుడికి' అని రాసి మిషను పక్కన గోడకి అంటించాను. రాత్రి నిద్రమత్తులో మా ఆయన రెండుసార్లు తప్పు పక్కకి తిప్పబోయాడు మరి.

మొదటిది తిప్పడం. బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఒక అరచెయ్యి బిడ్డ ఎడమ భుజం మీద ఆనించాలి. తల తిప్పితే ఒళ్లంతా కలిసి తిరిగిపోతుంది కాబట్టి ఆ చెయ్యి అవసరం. రెండో అరచేతిని చెంపకి దోసిలిలా పట్టి, ముఖాన్ని కుడి భుజం వైపు మెల్లగా తిప్పాలి. ఎంత మెల్లగా అంటే, సిల్కు గుడ్డ మీద సూది దారం లాగినట్టు. ఎక్కడో ఒకచోట తాడు 'ఇంక చాలు' అని చేతికి చెప్తుంది. అక్కడే ఆగాలి, దాన్ని దాటించకూడదు. అక్కడ పట్టుకుని ఇరవై లెక్కపెట్టాలి. మొదట్లో వాడు పది దాకా కూడా ఉండేవాడు కాదు. పదికే వదిలేసేదాన్ని.

రెండోది వాల్చడం. ఈసారి చెయ్యి కుడి భుజం మీద. రెండో చెయ్యి తల కుడిపక్కన పెట్టి, ముక్కు ఆకాశంవైపే ఉంచి, ఎడమ చెవిని ఎడమ భుజం దగ్గరికి తీసుకెళ్లాలి. ఇది మొదటిదానికన్నా వాడికి నచ్చేది కాదు.

మూడోది ఎత్తుకోవడం. నాకు అన్నింటికన్నా పనికొచ్చింది ఇదే, ఎందుకంటే ఇల్లంతా తిరుగుతూ చేయొచ్చు. బిడ్డ వీపు మీ పొట్టకి ఆనేట్టు, ముఖం బయటకి ఉండేట్టు, కుడిపక్క కిందికి వచ్చేలా అడ్డంగా పట్టుకోవాలి. మీ ఒక ముంజెయ్యి బిడ్డ కుడి చెవికీ కుడి భుజానికీ మధ్య దూరి, తలను కొంచెం పైకి లేపి ఉంచుతుంది. రెండో చెయ్యి కాళ్ల మధ్య నుంచి వచ్చి పొట్టను పట్టుకుంటుంది. బరువంతా ఆ రెండో చేతి మీదే, మెడ మీద కాదు. ఈ తీరున ఎత్తుకుని వీధి గుమ్మం దగ్గర నిలబడితే ఆటోలు, మేకలు, కూరగాయల బండి అన్నీ చూస్తూ వాడు మెడ సంగతి మరిచిపోయేవాడు.

మాకు చెప్పిన లెక్క ఒక్కోటి మూడుసార్లు, రోజుకి అయిదు పూటలు. మీకు వేరే చెప్పొచ్చు. గడియారం పెట్టుకుంటే నాకు ఒక్కరోజు కూడా కుదరలేదు. తడిసిన లంగోటీ మార్చినప్పుడల్లా ఒకసారి అని పెట్టుకున్నాక కుదిరింది. లంగోటీ ఎట్లాగూ మార్చక తప్పదు కదా. పాలు తాగిన వెంటనే చేయొద్దు, కక్కేస్తాడు. గునిస్తే ఫర్వాలేదు. గట్టిగా ఏడ్చి ఒళ్లు బిగిస్తే వదిలేయాలి, బిగిసిన మెడతో కుస్తీ పడకూడదు. ముఖం రంగు మారినా, ఊపిరి ఆగినట్టు అనిపించినా వెంటనే ఆపేసి డాక్టరుకు చెప్పండి. ఉన్నట్టుండి మెడ వాలి జ్వరం రావడం, వాంతులు, బిడ్డ మగతగా ఉండటం, ఉండ పెద్దదవడం కనిపిస్తే అసలు ఈ వ్యాయామాల జోలికి పోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇంటిని తిప్పేశాను

ఫిజియో రోజుకి అరగంట. మిగతా ఇరవై మూడున్నర గంటలు బిడ్డ ఎటు చూస్తున్నాడన్నదే అసలు పని. చేత్తో మనం తిప్పేదానికన్నా, బిడ్డ తనంతట తాను తిప్పేదానికి బలం ఎక్కువ. పసిబిడ్డ వెలుతురు ఉన్న పక్కకి, చప్పుడు ఉన్న పక్కకి, అమ్మ ఉన్న పక్కకి చూస్తాడు. మా ఇంట్లో వాడిని పడుకోబెట్టే చోట ఎడమపక్క కిటికీ, ఎడమపక్కే నా మిషను. అంటే రోజంతా వాడు ఎడమకే చూసేలా నేనే ఏర్పాటు చేశానన్నమాట. తల పెట్టేచోట కాళ్లు, కాళ్లు పెట్టేచోట తల వచ్చేలా పడక తిప్పేశాను. ఒక్క దెబ్బకి కిటికీ, మిషను రెండూ కుడికి వచ్చాయి, ఎడమపక్కకి ఖాళీ గోడ వచ్చింది. మిషను 'టకటక' మొదలవగానే కళ్లు ముందు తిరిగేవి. తల వెనకాల, చాలా నెమ్మదిగా, ఆగి ఆగి వచ్చేది. మొదటిసారి గడ్డం ఛాతీ మధ్య గీతను దాటి కుడికి వచ్చినరోజు నేను కుడుతున్న చెయ్యి హుక్కులు తప్పు వరసలో కుట్టేశాను. ఆ కస్టమరు ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

చుట్టాలొస్తే కుడిపక్కనే కూర్చోమనేదాన్ని. ఎత్తుకునేవాళ్లని ఎడమ చేతిలో పడుకోబెట్టుకోమనేదాన్ని, అప్పుడు వాళ్ల ముఖం చూడాలంటే వాడు కుడికి తిరగాలి. బాటిల్ పాలు తాగే బిడ్డలకీ ఇదే లెక్క. చాదస్తం అని మా అత్త నవ్వింది, కానీ నేను లేనప్పుడు ఆమె కూడా అట్లాగే చేసింది.

బోర్లా పడుకోబెట్టడం

బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం. కానీ వాడంతట వాడు పడేదాకా బోర్లా పెట్టకూడదని మా పెద్దవాళ్ల నమ్మకం. గుండె నొక్కుకుంటుందని భయం. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి, కొంచెం కొంచెంగా మొదటి వారాల నుంచే పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. పాకలేని పిల్లలకి రోజు మొత్తం కలిపి కనీసం 30 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క. ఒకేసారి అరగంట అని కంగారు పడొద్దు. మా వాడు మొదట నిమిషం కూడా ఉండలేదు, ముక్కు చాపకి ఆనించి అరిచేశాడు.

మొదటి వారం నా ఛాతీ మీదే బోర్లా వేసుకున్నా. నేను వెనక్కి వాలి కూర్చుంటే, వాడు నా ముఖం చూడటానికి తల లేపేవాడు. తర్వాత కింద. మా ఇంట్లో నేల కడప బండలే, ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. దాని మీద చాప, చాప మీద పలచటి బొంత. పాత తువ్వాలు గట్టిగా చుట్టి చంకల కింద, ఛాతీకి అడ్డంగా పెట్టాను, చేతులు ముందుకి. మెత్తటి పరుపు మీద మాత్రం వద్దు, ముఖం కూరుకుపోతుంది. ముందు ఎవర్‌సిల్వర్ తట్ట నిలబెట్టి పెట్టా, కొంచెం కుడిపక్కకి. అందులో తన ముఖం చూసుకుని వాడికి ఎక్కడలేని ఆశ్చర్యం. నాలుగొందలు పెట్టి అద్దం బొమ్మ కొనమని ఫోన్‌లో చూపిస్తారు కానీ, తట్ట చాలు.

ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర బయట 42, 43 డిగ్రీలు. మధ్యాహ్నం బోర్లా వేస్తే చెమటకే ఏడుస్తాడు. పొద్దున స్నానానికి ముందు, సాయంత్రం పొద్దు వాలాక, ఆ రెండు పూటలు పెట్టుకున్నాం. మెడ మడతలు తడిగుడ్డతో తుడిచి, పొడిగా ఆరనివ్వండి.

ఆవాల దిండు గురించి

ఇది రాయాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. వాడు పుట్టకముందే నేను రూబియా గుడ్డతో, అంచులకి లేసు వేసి, ముద్దుగా ఆవాల దిండు కుట్టాను. తల గుండ్రంగా వస్తుందని అమ్మ, జేజి అందరూ అదే పెట్టారు. డాక్టరమ్మ దాన్ని చూసి, బాగా కుట్టావమ్మా, కానీ పడుకునేచోట వద్దు అంది. ఏడాది లోపు పిల్లలకి నిద్రలో దిండు ఏదీ ఉండకూడదు. ఆవాలదైనా, మధ్యలో గుంట ఉన్నదైనా, ఆన్‌లైన్‌లో తల గుండ్రంగా చేస్తామని అమ్మేదైనా. ముఖం దానిలోకి తిరిగితే ఊపిరాడదు. పైగా తల ఒకచోట ఇమిడిపోతే, మనం తిప్పాలనుకుంటున్న మెడ ఇంకా తిరగదు. ఇంటికొచ్చి కుట్టు విప్పేశాను.

అట్లని, సొట్ట పోవాలని రాత్రి బోర్లా, పక్కకి పడుకోబెట్టడం చేయకండి. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే, గట్టి పడక మీదే. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1992లోనే బిడ్డల్ని బోర్లా నిద్రపుచ్చొద్దని చెప్పింది. 1994లో దేశమంతా ప్రచారం చేశారు, నిద్రలో ఉన్నట్టుండి చనిపోయే పసిబిడ్డల సంఖ్య అక్కడ దాదాపు సగానికి పడిపోయింది. దాంతోపాటే తలలు అణిగిన పిల్లలు ఎక్కువయ్యారు. తల సొట్ట సరిచేసుకోవచ్చు, ప్రాణం తెచ్చుకోలేం కదమ్మా అంది డాక్టరమ్మ. నిద్రపట్టాక తలను మెల్లగా కుడికి తిప్పి పెట్టండి, నిలిస్తే నిలుస్తుంది. లేకపోతే లేదు.

చీర ఉయ్యాల మానేయమని మా ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ అందులో బిడ్డ సంచిలో పడ్డట్టు ముడుచుకుంటాడు, తల ఒక్క తీరునే ఉండిపోతుంది. అందుకని ఊపి నిద్రపుచ్చడానికి మాత్రమే, నిద్రపోగానే తీసి కింద పడుకోబెట్టేలా ఒప్పందం కుదిరింది.

స్నానం పోసే అవ్వ మాత్రం సులభంగా ఒప్పుకోలేదు. కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద వేసుకుని పోయడంలో తప్పులేదు. చివర్లో రెండు చెంపలూ పట్టి తలతో సహా పైకి లేపడం, అరచేతులతో తలను నొక్కి గుండ్రంగా 'దిద్దడం', ఈ రెండూ మాన్పించాను. పసి మెడకి అది ప్రమాదం, నొక్కితే ఎముక గుండ్రబడదు. నూనె మర్దనా మెత్తగా చేసుకోనిచ్చాను, మెడ కుడిపక్క మాత్రం ముట్టుకోనివ్వలేదు.

టేపు

పుట్టినప్పుడు తల చుట్టుకొలత 35 సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది, ఆరు నెలలకి 43 దగ్గర, ఏడాదికి 46 దగ్గర. అంటే ఏడాదిలో పెరిగే పదకొండు సెంటీమీటర్లలో ఎనిమిది మొదటి ఆరు నెలల్లోనే. జాకెట్టు లోపల వదిలిన మార్జిన్ లాంటిది ఇది. ఒత్తిడి తీసేస్తే పెరిగే ఎముక ఆ ఖాళీలోకి నిండుతుంది. అందుకే ముందు నెలల్లో చేసే పనికి అంత విలువ.

ప్రతి నెలా ఒకటో తేదీ తడి తలను పైనుంచి ఫొటో తీశాను, ఎప్పుడూ అదే స్టూలు, అదే వెలుతురు. రోజూ చూస్తే తేడా తెలియదు, పిచ్చెక్కుతుంది. ఫిజియో పటకారు లాంటి కొలబద్దతో రెండు మూలల కొలతలు తీసింది. మూడో నెలలో తేడా 9 మిల్లీమీటర్లు, ఎనిమిదో నెలలో 4. మెడ మాత్రం నాలుగున్నర నెలలకే రెండు పక్కలా సమానంగా తిరిగింది. తల ఎప్పుడూ మెడ వెనకాలే వస్తుంది, ఆలస్యంగా.

మధ్యలో ఒక చుట్టం హెల్మెట్ పెట్టించమంది, వేలల్లో ఖర్చు, నాలుగైదు నెలలు, రోజుకి 23 గంటలు. డాక్టరమ్మ వద్దంది. 2014లో నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లల మీద పరీక్షించి చూస్తే, రెండేళ్లు వచ్చేసరికి హెల్మెట్ పెట్టినవాళ్లకీ పెట్టనివాళ్లకీ పెద్ద తేడా లేదట. అయితే అందులో మెడ పట్టేసిన పిల్లల్ని చేర్చలేదు, కాబట్టి అందరికీ అదే తీర్పు అనుకోవద్దని కూడా ఆమే చెప్పింది. సొట్ట మరీ ఎక్కువగా ఉంటే ఆరు నెలల లోపే నిపుణులతో మాట్లాడి తేల్చుకోవాలి, ఏడాది దాటాక దానివల్ల లాభం తక్కువ. ఆరు నెలలో, ఏడాదో ఫిజియో చేసినా మెడ వదలని కొద్దిమందికి చిన్న ఆపరేషన్ ఉంటుంది.

పదకొండో నెలలో తిరుమలలో పుట్టు వెంట్రుకలు తీయించాం. నా భయమల్లా గుండు చేస్తే సొట్ట బయటపడుతుందని. కల్యాణకట్టలో వాడిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. మంగలి ఎడమపక్క గీసి, "ఇటు తిప్పమ్మా" అన్నాడు. నేను చెయ్యి పెట్టేలోపే పక్కన ఏడుస్తున్న ఇంకో బిడ్డను చూడటానికి వాడే కుడికి తిరిగాడు. గుండు మీద ఎడమ వెనక బొటనవేలంత చదును ఉంది, తెలిసిన నాకే కనిపించింది. మా అత్త కుడిపక్క కదా సొట్ట అంది.

ఇప్పటికీ జ్వరమొచ్చినా, పళ్లొస్తున్నా, బాగా అలిసిపోయినా తల కుడి భుజం మీదికి కొంచెం వాలుతుంది. నడక నేర్చేటప్పుడు కూడా ఇట్లా వస్తుందని ఫిజియో ముందే చెప్పింది. ఆ రెండు మూడు రోజులు మళ్లీ అడ్డంగా ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడతాను. పది కిలోలయ్యాడు, చెయ్యి లాగుతుంది. వారం దాటినా వాలు పోకపోతే ఫోన్ చేయమంది, ఇంతవరకు చేయాల్సిన అవసరం రాలేదు.